మొదటి వారమే పోట్లాడండి

హాస్టల్‌కు బయల్దేరే పిల్లలకు ఇంట్లో చెప్పే మాటలు దాదాపు అందరి ఇళ్లలోనూ ఒకటే. ఎవరితోనూ గొడవ పెట్టుకోకు. నీ వస్తువులు ఎవరికీ ఇవ్వకు. మనవైపు వాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల రూములోనే చేరు. ఇబ్బందైతే సర్దుకుపో. రూములో మాట బయటికి చెప్పకు. ప్రేమతో చెప్పే మాటలే, కాదనను. కానీ ఒక యూనివర్సిటీ హాస్టల్లో వార్డెన్‌గా పనిచేసినప్పుడు నా దగ్గరికి వచ్చిన రూముల తగాదాలు గుర్తు చేసుకుంటే, చాలావాటికి మూలం ఈ మాటలను తు.చ. తప్పకుండా పాటించడమే. అందుకే వీటన్నిటికీ ఎదురు చెబుతున్నాను. మీ అమ్మానాన్నలకు ఇవి తప్పుడు సలహాల్లా కనిపిస్తాయి. కనిపించనివ్వండి.

ముందుగా, పోట్లాడండి. అదీ మొదటి వారంలోనే. ముగ్గురో నలుగురో ఉండే గదిలో సీలింగ్ ఫ్యాను ఒకటే ఉంటుంది, దాని కింద పట్టేది ఒక్క మంచమే. ఆగస్టు ఉక్కలో ముందొచ్చినవాడు అక్కడ పరుపు వేసేస్తాడు. గోడవార మంచం దొరికినవాడు ఏమీ అనడు. డిసెంబరులో ఫ్యాను కిందవాడికి చలేస్తుంది, ఆపేస్తాడు. గోడవారవాణ్ణి దోమలు పీకుతాయి. అప్పుడూ ఏమీ అనడు. ఫిబ్రవరిలో ఒక రాత్రి మగ్గు ఎవరు తీశారన్న మాట మీద కాలరు పట్టుకుంటాడు. ఇద్దరినీ నిలబెట్టి ఎందుకురా కొట్టుకున్నారంటే మగ్గు కోసం సార్ అంటారు. మగ్గు కోసం కాదు. ఆరు నెలలుగా లోపల పెట్టుకున్న ఫ్యాను అది.

కాబట్టి చేరిన మొదటి ఆదివారం తలుపు వేసుకుని అందరూ కింద కూర్చోండి. ఫ్యాను కింద ఈ నెల ఎవరు, వచ్చే నెల ఎవరు? ట్యూబులైటు ఎన్నింటికి ఆర్పాలి? ఫోను స్పీకరులో పాటలు, వీడియోలు ఎంతవరకు? ఇంటికి ఫోను చేసి గంటసేపు మాట్లాడేవాళ్లు వరండాలోకి వెళ్లాలా? పక్క రూము వాళ్లు వచ్చి మన మంచాల మీద కూర్చోవచ్చా? ఒక్కో ప్రశ్న మీదా గొంతు లేస్తుంది, లేవనివ్వండి. కులం, ఊరు, ఒంటి రంగు, ఇంటివాళ్ల సంగతి మాత్రం ఎవరూ ఎత్తకూడదు. మిగతావన్నీ అనుకోవచ్చు. ‘నాకేం పర్లేదు, మీ ఇష్టం’ అన్నవాణ్ణి వదలకండి, ఇంకోసారి అడగండి. అన్నిటికీ తల ఊపేవాడే ఫిబ్రవరిలో కాలరు పట్టుకునేది. ఒప్పుకున్నవి కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి. మంచాలు నెల నెలా ఒకటో తారీకున జరుపుకోండి.

లైటు దగ్గర కొంచెం ఓపిక కావాలి. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో ఒంట్లోని నిద్ర గడియారం సహజంగానే వెనక్కి జరుగుతుంది. రాత్రి ఒంటిగంటకు గానీ కన్ను మూతపడనివాడు మొండివాడేమీ కాడు. అలాగని పొద్దున ఎనిమిదింటికి ల్యాబు ఉన్నవాడి నిద్ర చెడగొట్టే హక్కు వాడికి లేదు. పదకొండుకు పెద్ద లైటు ఆర్పి, ఆ తర్వాత టేబుల్ ల్యాంపుతో చదువుకోవడం ఎక్కువమందికి కుదురుతుంది. నాలుగున్నర నుంచి అలారాలు వరసగా పెట్టుకుని తను మాత్రం లేవని వాడు ప్రతి రూములోనూ ఒకడుంటాడు. వాడికి ఒకే అలారం, అదీ వైబ్రేషన్‌లో, తలగడ కింద.

తర్వాతది నల్లుల సంగతి. ఇక్కడ మర్యాద పనికిరాదు. నల్లి కనిపిస్తే అరవండి, కారిడారంతా వినపడేట్టు అరవండి. మన దగ్గర నల్లి అనగానే సిగ్గు. ఆ అమ్మాయి శుభ్రంగా ఉండదేమో అనుకుంటారని, చేతుల మీద దద్దుర్లు వస్తే ఎండ పడలేదని చెప్పి దాచేస్తారు. నల్లికి శుభ్రంతో పని లేదు, మనిషి నెత్తురు దొరికితే చాలు. బ్యాగుల్లో, పాత పరుపుల్లో, రైలు సీట్లలో ప్రయాణం చేసి వస్తుంది. మంచం కీళ్లలో, పరుపు కుట్లలో, స్విచ్చి బోర్డు సందుల్లో, గోడకు తగిలించిన క్యాలెండరు వెనక పగలంతా దాక్కుంటుంది. తిండి లేకపోయినా నెలల తరబడి బతుకుతుంది, కాబట్టి సెలవులకు రూము ఖాళీ చేసినంత మాత్రాన పోదు. పైగా కుట్టిన గుర్తులు అందరికీ తేలవు. నా మంచంలో లేవని గట్టిగా చెప్పే అమ్మాయి పరుపులోనే ఎక్కువ ఉండొచ్చు.

ఒక్క మంచమే శుభ్రం చేస్తే అవి నడుచుకుంటూ పక్క మంచానికి వెళ్తాయి. అందుకని రూములోని మంచాలన్నీ ఒకే రోజు బయటికి తీయాలి. ఇనప మంచమైతే కీళ్లలో, పైపుల బొక్కల్లో మరిగే నీళ్లు పొయ్యండి, కాళ్ల మీద పడకుండా. దుప్పట్లు, తలగడ గలీబులు బాగా వేడి నీళ్లలో ఉతకండి. పరుపు కుట్ల వెంట గట్టి బ్రష్షుతో రుద్దండి. పరుపును ఎండలో పడేస్తే చాలనుకుంటారు. నల్లులు నీడ ఉన్న వైపుకు తప్పుకుంటాయి, ఎండ ఒక్కటే సరిపోదు. గోడ పగుళ్లు తెల్ల సిమెంటుతో పూడ్చండి. గుడ్లు వారం పది రోజుల్లో పొదుగుతాయి కాబట్టి రెండు వారాల తర్వాత మొత్తం పని మళ్లీ చెయ్యాలి. ఈ రెండో విడతే అందరూ మానేస్తారు, మళ్లీ మొదటికొస్తారు. కిరసనాయిలు పొయ్యకండి, నిప్పంటుకుంటుంది. పడుకునే పరుపు మీద బొద్దింకల స్ప్రే కొట్టకండి. వైర్లు వెళ్లే గొట్టాల వెంట అవి గది నుంచి గదికి పాకుతాయి, కనుక పక్క రూములకూ చెప్పి, అంతస్తు మొత్తానికి మందు కొట్టించమని వార్డెన్‌ను అడగండి. మొదటి నల్లిని చూసినప్పుడే అరిచిన రూముకు ఇంత చాకిరీ ఉండదు.

ఇక ఆవకాయ. అల్మరాలో బట్టల కింద దాచకండి. వాసన ఎలాగూ దాగదు. దాచిన సీసాకు దొంగ పుడతాడు, బల్ల మీద పెట్టిన సీసాను అడిగి వేసుకుంటారు. పెద్ద సీసా కదపకుండా, వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసి అందరికీ అందేచోట పెట్టండి. పెద్ద సీసాలో ముక్కల మీద నూనె తేలుతూ ఉండాలి. పొడి గరిటె తప్ప వేరేది పెట్టకూడదు, తడి తగిలితే బూజు పడుతుంది. మెస్సులో పప్పు నీళ్లలా ఉన్న రోజున ఆ చిన్న సీసా నలుగురికీ భోజనం అవుతుంది. సంక్రాంతి సెలవుల తర్వాత కరీంనగర్ సకినాలు, గోదావరి అరిసెలు, అనంతపురం ఓళిగలు ఒకే కాగితం మీద పరిచి తిన్న రూములో పంచాయితీ అయినా ఎక్కువసేపు నిలవదు. తువ్వాలు, రేజరు, దువ్వెన మాత్రం ఎవరికీ ఇవ్వకండి. తామర ఒకరి నుంచి ఒకరికి పాకే దారుల్లో తువ్వాలు ఒకటి. సర్టిఫికెట్లు, ఏటీఎం కార్డు ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసుకోండి. అది అనుమానం కాదు, ఎదుటివాడి మీద అనుమానం రాకుండా చూసుకోవడం.

మనవాళ్ల రూము వెతుక్కోకండి. ఇంటిపేరు అడిగి రూములు మార్చుకునేవాళ్లను చాలామందిని చూశాను, ప్రతిసారీ బాధపడ్డాను. పల్లె నుంచి పట్నానికి చదువుకోవడానికి వచ్చిన కుర్రాడికి తలదాచుకునే చోటు లేని రోజుల్లో మన దగ్గర కులాల పేరుతో హాస్టళ్లు వెలిశాయి. హైదరాబాదులో రెడ్డి హాస్టల్ మొదలైంది 1918లో. ఆ కాలపు అవసరం అది. ఇప్పుడు విశ్వవిద్యాలయమే గది ఇస్తున్నప్పుడు అందులోకి మళ్లీ ఒకే ఊరివాళ్లను, ఒకే కులంవాళ్లను చేర్చుకుంటే చదువు సగమే అందుతుంది. 2008లో మొదలైన నూజివీడు, బాసర, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి అవగానే పల్లెల నుంచి వచ్చిన పిల్లలు, అంతకుముందు ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్లు, ఆరేళ్ల చదువుకు ఒకచోట చేరతారు. ఆఫీసు కేటాయించిన రూములోనే ఒక సంవత్సరం ఉండండి. చిన్నప్పటి స్నేహితుడితో రూము పంచుకుంటే రూమూ పాడవుతుంది, స్నేహమూ పాడవుతుంది. వాడితో ఫ్యాను గురించి పోట్లాడలేరు.

వేణ్ణీళ్ల రాడ్డును వార్డెన్ కంట పడకుండా వాడటం ఒక ఘనకార్యంగా చెప్పుకుంటారు. లెక్క చూడండి. గదిలో ఉండే మామూలు సాకెట్టు 6 యాంపియర్లది. 230 వోల్టుల దగ్గర అది మోయగలిగింది 1380 వాట్లు. రాడ్డు సాధారణంగా 1500 వాట్లు తీసుకుంటుంది. సాకెట్టు నల్లబడేది, వైరు కాలిన వాసన వచ్చేది అందుకే. తడి చేతుల సంగతి చెప్పనే అక్కర్లేదు. దొంగచాటుగా రాడ్డు పెట్టే బదులు నలుగురూ సంతకాలు చేసి గీజరు కావాలని అర్జీ ఇవ్వండి. పట్టించుకోకపోతే మళ్లీ ఇవ్వండి, ఈసారి అంతస్తులో అందరి సంతకాలతో. అర్జీలో పేరుంటే చెడ్డపేరు వస్తుందని భయపడకండి.

సర్దుకుపోవద్దని చెప్పాల్సింది మరొకటుంది. సీనియర్లు రాత్రిపూట రూముకు పిలిచి ‘పరిచయం’ అంటారు. రూమ్మేట్లు ‘వెళ్లిరా, అందరం వెళ్లాం’ అంటారు. వెళ్లకండి, వెళ్లనివ్వకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగును నిషేధిస్తూ 1997లోనే చట్టం చేసింది. యూజీసీ నిబంధనలు 2009లో వచ్చాయి, దేశం మొత్తానికీ హెల్ప్‌లైన్ నంబరు 1800-180-5522. ఆ నంబరు కూడా తలుపు వెనక కాగితం మీద రాయండి.

చివరిగా, రూములో మాట బయటికి చెప్పండి. మిగతా సలహాలన్నీ పక్కన పెట్టినా ఇది పెట్టకండి. పక్క మంచం మీద అమ్మాయి మెస్సుకు రావడం మానేసింది. స్నానం చెయ్యడం లేదు. పగలంతా గోడవైపు తిరిగి పడుకుంటోంది. తనకు ఇష్టమైన వస్తువులు ఇంకొకరికి ఇచ్చేస్తోంది. పరీక్ష పోయిందనో, ఇంట్లో అప్పుల గురించో, ప్రేమ గురించో ఒక రాత్రి మీకు చెప్పి, చచ్చిపోవాలనుందని కూడా చెప్పి, ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకుంది. తల్లిదండ్రులు ఎక్కడో ఊళ్లో ఉంటారు. లెక్చరరుకు ఆమె హాజరు పట్టీలో ఒక నంబరు. రోజూ దగ్గరుండి చూసేది మీరొక్కరే. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టండి. ఆమెను ఒంటరిగా వదలకుండా ఒకరు పక్కనే కూర్చోండి, ఇంకొకరు ఫోను చెయ్యండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416, పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. ఆమె కోప్పడుతుంది, నెల రోజులు మాట్లాడకపోవచ్చు, మాట్లాడకపోనివ్వండి. రాత్రి రెండింటికైనా సరే వెళ్లి వార్డెన్ తలుపు కొట్టండి. విసుక్కుని పొద్దున రమ్మంటే, అక్కడే నిలబడి మళ్లీ కొట్టండి.