ధోలీ డూంగ్రీ పసికూన

డైనోసార్ అనగానే పిల్లలందరూ టి. రెక్స్ కోరల దగ్గరికే పరిగెడతారు. నాకు మాత్రం గుజరాత్‌లోని ధోలీ డూంగ్రీలో దొరికిన ఒక రాతిముక్క అంటే ప్రాణం. దాని వయసు సుమారు 6 కోట్ల 70 లక్షల ఏళ్లు. మా ఇంటికొచ్చిన పిల్లలెవరూ దాని కథ వినకుండా వెళ్లరు, వెళ్లనివ్వను.

1984లో దాన్ని గుర్తించినవారు జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్త ధనంజయ్ మొహబే. రాతిలో కొబ్బరికాయంత గుడ్లు, వాటి పక్కన సన్నటి ఎముకలు. గుడ్లు టైటానోసార్లవి. పొడుగాటి మెడ, పొడుగాటి తోక ఉండి, ఆకూ అలమూ మేసి బతికిన మహాకాయాలు అవి. ఆ ప్రాంతంలో డైనోసార్ గుడ్లు కొత్త కాదు, చాలాచోట్లే బయటపడ్డాయి. కానీ గుడ్డు దొరకడం వేరు, అందులోంచి వచ్చిన కూన దొరకడం వేరు. లేత ఎముకలు చెదిరిపోకుండా, కుళ్లిపోకుండా రాయిగా మారేదాకా నిలవడం ఎంత అరుదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ ఎముకలు డైనోసార్ కూనవేనని మొహబే 1987లో ప్రకటించారు.

ఆ మాట నిజమే. అయితే పూర్తి నిజం కాదు.

2001లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి జెఫ్రీ విల్సన్ ఆ రాయిని చూడటానికి వచ్చారు. చూస్తూ చూస్తూ కొన్ని వెన్నుపూసల దగ్గర ఆగిపోయారు. ఒక పూస ఇంకో పూసలోకి అదనపు కీలుతో బిగుసుకుని ఉంది. టైటానోసార్ కూన వెన్నెముక అలా ఉండదు.

పిల్లలకు చెప్పేటప్పుడు నేను సరిగ్గా ఇక్కడ ఆపుతాను. “గూట్లో ఇంకెవరో ఉన్నారు. ఎవరో చెప్పుకోండి చూద్దాం!” అంటాను. మొసలి అంటారు, బల్లి అంటారు. ఒకడైతే ఏకంగా “వాళ్ల నాన్న!” అన్నాడు. మా మేనకోడలు మాత్రం నా చేతికేసి చూసింది. చెబుతూ చెబుతూ నేను వేలితో గాల్లో చుట్టలు చుడుతున్నాను మరి. “పాము!” అంది.

పామే. రాయిని మిషిగన్ తీసుకెళ్లి, చుట్టూ అంటుకున్న గట్టి మట్టిని ఓపిగ్గా తొలిచాక అసలు దృశ్యం బయటపడింది. మూడున్నర మీటర్ల పాము. ఒక చితికిన గుడ్డు చుట్టూ చుట్టచుట్టుకుని, ఆ చుట్ట మీదే తల ఆనించి ఉంది. పక్కనే అర మీటరు పొడవున్న కూన. అన్నేళ్లూ బిడ్డ ఎముకలుగా లెక్కకొచ్చినవాటిలో బిడ్డను మింగడానికి వచ్చినదాని ఎముకలూ ఉన్నాయన్నమాట. 2010 మార్చిలో మొహబే, విల్సన్, వారి సహచరులు కలిసి ఈ సంగతి ప్లాస్ బయాలజీ పత్రికలో ప్రచురించారు.

నన్ను మరీ కట్టిపడేసింది దాని దవడ. ఈనాటి కొండచిలువలా నోటిని విశాలంగా తెరవగల దవడ కాదది. అంత గుడ్డును అది గుటుక్కున మింగలేదు. మెత్తటి కూన అయితే వేరు. అంటే అది గుడ్డు కోసం కాదు, గుడ్డులోంచి రాబోయే కూన కోసం గూటికి చేరి ఉండాలి. ఏదో దారిన పోతూ చిక్కుకుందేమో అనుకోవడానికీ లేదు. అదే చోట గుడ్ల పక్కన అదే రకం పాముల అవశేషాలు ఇంకా దొరికాయి. ఎదిగిన టైటానోసార్‌ను అది ఏమీ చేయలేదు. దాని అవకాశమంతా ఆ తొలి రోజుల్లోనే. ఆ రోజు మాత్రం ఆ అవకాశమూ దక్కలేదు. ఒక్కసారిగా వచ్చిపడ్డ ఇసుకమట్టి కింద పాము, కూన, గుడ్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టే సమాధి అయిపోయాయి.

శాస్త్రవేత్తలు ఆ పాముకు సనాజే ఇండికస్ అని పేరు పెట్టారు. ఆ పేరు చెప్పి, కథ అయిపోయిందని నేను లేవబోతుంటే మేనకోడలు చొక్కా పట్టుకుని ఆపింది.

“పాము పేరు చెప్పావు సరే, మరి ఆ బుజ్జిదాని పేరేంటి మామయ్యా?”

దానికి పేరు లేదు. దొరికిన కాసిని ఎముకలతో అది టైటానోసార్లలో ఏ జాతిదో తేలలేదు. గుడ్డు పగలగొట్టుకుని లోకంలోకి వచ్చిన బిడ్డ పేరులేకుండానే మిగిలింది. పేరు దక్కింది దాన్ని తినడానికి వచ్చినదానికి.