‘ఈ ఒక్క ఎపిసోడ్’ అను వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: ఈ ఒక్క ఎపిసోడ్ చూసి పడుకుంటాను.

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మెదక్ సీమలోని కొల్చారం మల్లినాథసూరి వ్యాఖ్య మొదట్లోనే మాటిచ్చాడు. ఆయన ముందున్నవి కాళిదాసు కావ్యాలు కనుక ఆ మాట చెల్లింది. ఈ వ్యాఖ్యాత ముందున్నది ఒంటి వాక్యం. వక్త, చైనావాళ్ల దయ్యాల డిటెక్టివ్ సీరియల్ ముందు కూర్చున్న మనిషి. కాలం, అర్ధరాత్రి దాటిన తరువాత. ఇంటిల్లిపాదీ నిద్రపోయారు కనుక శ్రోత లేడు, ఇది స్వగతం. టీక: ఈ = ఇప్పుడే మొదలైన; ఒక్క = ఒకటికి తక్కువ కాని; ఎపిసోడ్ = ముప్పావుగంట కథాఖండమును; చూసి = చూచినవాడనై; పడుకుంటాను = శయనింతును, ఎప్పుడన్నది చెప్పను అని శేషం. తాత్పర్యం: పడుకోడు. ఇంతవరకు వ్యాఖ్యాతలకూ ఇంట్లోవాళ్లకూ అభిప్రాయభేదం లేదు. ఎందుకు పడుకోడన్న దగ్గరే వాదం మొదలవుతుంది. భయంతో నిద్ర పట్టదని ఒక పక్షం. హంతకుడెవరో తేలేదాకా లేవలేడని ఇంకో పక్షం. నటులు అందగాళ్లని మూడో పక్షం. మూడింట్లోనూ కొంత నిజముంది, ఏదీ చివరిదాకా నిలవదు. దయ్యం పెట్టుకున్న అర్జీ ఇంకా తేలలేదు కనుక పడుకోడని ఈ వ్యాఖ్య సిద్ధాంతం.

లక్ష్యంగా తీసుకోవలసింది 2018 జూన్‌లో యోకు అనే చైనా వీడియో సైటులో మొదలైన ‘జెన్ హున్’. బయటి దేశాలవాళ్లు ‘గార్డియన్’ అంటారు. 40 ఎపిసోడ్లు. ప్రీస్ట్ అనే కలంపేరుతో రాసే రచయిత్రి ఇంటర్నెట్ నవల దీనికి ఆధారం. లోంగ్‌చెంగ్ అనే ఊళ్లో ప్రత్యేక పరిశోధన విభాగం ఒకటి ఉంటుంది. దాని అధికారి ఝావ్ యున్‌లాన్, నోట్లో ఎప్పుడూ పుల్లమిఠాయి. సిబ్బందిలో వేల ఏళ్ల వయసున్న ద చింగ్ అనే నల్లపిల్లి, అవసరాన్నిబట్టి మనిషి. విశ్వవిద్యాలయంలో షెన్ వెయ్ అనే ఆచార్యుడు, కళ్లజోడు, ఇస్త్రీ నలగని చొక్కా. ఇతడే ముసుగు వేసుకుంటే నల్లవస్త్రాల దూత, అధోలోకపు శాంతిభద్రతలు చూసేవాడు. కింది లోకం పేరు దీషింగ్. అక్కడ ఎండ లేదు, మనుషులకు మాత్రం తలొక విచిత్రశక్తి. వాళ్లు అనుమతి లేకుండా పైకి రాకూడదని పూర్వం రెండు లోకాల మధ్య ఒప్పందం జరిగింది. వచ్చినవాడి వల్ల నేరం జరిగితే విభాగంలో కేసు పుడుతుంది. ఒక్కో కేసు రెండు మూడు ఎపిసోడ్లకు పాకుతుంది. మూలవాక్యంలోని తర్కదోషం ఇక్కడే ఉంది. వక్త ఎపిసోడ్లు లెక్కపెడుతున్నాడు, కథ నడిచేదేమో కేసు లెక్కన. ఎపిసోడ్ అయిపోతుంది, కేసు ఆఫీసు బల్లమీద అలాగే ఉంటుంది.

దయ్యం అర్జీదారు కావడం ఈ సీరియల్ కనిపెట్టింది కాదు. 13వ శతాబ్దపు నాటకకర్త గ్వాన్ హాన్‌చింగ్ రాసిన ‘దోవ్ ఎ’ కథ చూడండి. చేయని హత్యకు తల తెగిన కోడలు ఆమె. వేసవి నడిమధ్య మంచు కురుస్తుంది, మూడేళ్లు వాన పడదు, ఆమె అన్న మాటలన్నీ జరుగుతాయి. అయినా తీర్పు మారదు. ప్రకృతి తలకిందులైతే సరిపోదు, కాగితం కదలాలి. చివరి అంకంలో ఆమె తండ్రి తనిఖీ అధికారిగా వచ్చి రాత్రిపూట పాత కేసుల కట్ట విప్పుతాడు. కూతురి కాగితం చూసి, తేలిపోయిన కేసే కదా అని అడుగున పెడతాడు. దయ్యం దీపం మసకబార్చి ఆ కాగితాన్ని మళ్లీ పైకి తెస్తుంది. ఆయన మళ్లీ కింద పెడతాడు, అది మళ్లీ పైకొస్తుంది. పీక పట్టుకోగల దయ్యం, జుట్టు విరబోసుకుని ఊరంతా తిరగగల దయ్యం, చేసింది ఒక్కటే పని: ఫైలు పైన పెట్టడం. ప్రపంచ సాహిత్యంలో ఇంత ఓపికగల అర్జీదారు దొరకడం కష్టం. చూసేవాడు భయపడడు, ఆ అధికారి ఈసారైనా చదవాలని కోరుకుంటాడు. లోంగ్‌చెంగ్ విభాగం ముందు కూర్చున్నవాడి కోరికా ఇదే.

17, 18 శతాబ్దాల సంధిలో పూ సోంగ్‌లింగ్ కూర్చిన విచిత్రకథల్లో ఆఫీసు ఇంకా పెద్దదవుతుంది. పోటీ పరీక్షలు తప్పుతూ ముసలివాడైన ఆయన, పుస్తకంలో మొదటి కథనే పరలోకపు ఉద్యోగపరీక్షతో మొదలుపెట్టాడంటే కారణం వేరే వెతకనక్కర్లేదు. నగరదేవత పదవి ఖాళీ అయింది. ఒక పండితుణ్ణి పిలిపించి వ్యాసం రాయించి ఎంపిక చేస్తారు. ముసలితల్లి ఉంది, ఆమె పోయేదాకా గడువివ్వండని అతడు ఏడుస్తాడు. ఆయువుల పట్టీ తెప్పించి చూస్తే తల్లికి ఇంకా 9 ఏళ్లున్నాయి. సరే, సెలవు మంజూరు, అంతదాకా రెండో అభ్యర్థి ఇన్‌ఛార్జి. అదే పుస్తకంలో షీ ఫాంగ్‌పింగ్ కథ దీనికి చీకటి ముఖం. తండ్రికి జరిగిన అన్యాయంమీద కొడుకు యమలోకానికే వెళ్లి ఫిర్యాదు చేస్తాడు. నగరదేవతకు లంచం అందింది, పై అధికారికీ అందింది, చివరికి యముడికీ అందింది. అతణ్ణి రంపంతో నిలువునా కోస్తారు, అయినా అర్జీ వెనక్కి తీసుకోడు. ఇంకా పైనున్న అర్లాంగ్ దేవుడి దగ్గర తీర్పు దొరుకుతుంది, అదీ పొడుగాటి రాతపూర్వక తీర్పు. పరలోకంలో ధర్మం తప్పకుండా ఉంటుందని ఈ కథకుడు నమ్మించడు. పైకోర్టు ఉంటుందని నమ్మిస్తాడు. నా లెక్కలో రెండోదే పెద్ద ఆశ.

తెలుగువాడు ఈ సీరియల్లోకి దూరడానికి అడ్డంకి ఎందుకు లేదో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. ఆ ఆఫీసు పెద్ద మనవాడే. యమధర్మరాజు బౌద్ధ గ్రంథాల వెంట చైనా చేరి యెన్‌లువో అయ్యాడు, అక్కడ పది న్యాయస్థానాల యంత్రాంగంలో ఒక కుర్చీకి సర్దుకున్నాడు. ఇక్కడ ఉండిపోయిన యముడి బతుకూ కుదురుగా ఏమీ లేదు. 1977 నాటి ‘యమగోల’లో ఎన్టీఆర్ యమభటుల చేత సమ్మె కట్టించాడు. 1994 నాటి ‘యమలీల’లో చిత్రగుప్తుడు చిట్టా పుస్తకమే భూమ్మీద పారేసుకున్నాడు. చచ్చాక లెక్కలు చూస్తారని, ఆ లెక్కల్లో పొరపాట్లూ దొర్లుతాయని తెలిసినవాడికి, గార్డియన్‌లో నాలుగు పవిత్ర వస్తువులు కనబడితే కొత్త అనిపించదు. వాటిలో ఒకటి ఆయువు కొలిచే గడియారపు పలక, ఒకటి పుణ్యం రాసే కలం. రెండూ చిత్రగుప్తుడి బల్లమీద ఉండవలసిన సరుకే. మొదటి కేసులో విశ్వవిద్యాలయ విద్యార్థిని ఒకతె ఆ పలకతో తన ఆయువులోంచి అవ్వకు వాటా ఇస్తుంది. ఇందులో దొంగతనం లేదు, ప్రేమే ఉంది, కానీ ఖాతా తారుమారైంది. కేసు పెట్టాలా వద్దా? ఇలాంటి ప్రశ్నతో మొదలైన సీరియల్‌ని వేలిముద్రలతో తేల్చేయడం కుదరదు.

ఇక పూర్వపక్షాలు. మొదటివాడు శాస్త్రం తెలిసినవాడు, 1929లో ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ అనే మతాచార్యుడు డిటెక్టివ్ కథకు పెట్టిన పది ఆజ్ఞలు పట్టుకొచ్చాడు. అతీంద్రియమైనది రాకూడదన్నది రెండో ఆజ్ఞ, చైనావాడు రాకూడదన్నది అయిదోది. ఆనాటి చవక నవలల్లో ప్రతి దుర్మార్గుడూ చైనావాడే కావడం చూసి విసుగెత్తి పెట్టిన వెక్కిరింపు ఆజ్ఞ అది. మన సీరియల్ రెంటినీ ఒక్క దెబ్బతో అతిక్రమించింది. దయ్యం ఏదైనా చేయగలిగితే ఇక చిక్కుముడి ఎక్కడిది, చిక్కుముడి లేకపోతే డిటెక్టివ్ ఎందుకని అతడి శంక. సమాధానం చెప్పడానికి వేరే పాశ్చాత్యుడే దొరుకుతాడు. డచ్ దౌత్యవేత్త రాబర్ట్ వాన్ హూలిక్ 1949లో న్యాయాధికారి దీ కథలున్న పాత చైనా నవల ఒకటి ఇంగ్లీషులోకి తెచ్చాడు. చైనా నేరకథల్లో దోషి మొదట్లోనే బయటపడతాడని, దయ్యాలు ధారాళంగా తిరుగుతాయని, శిక్ష అమలు వివరంగా ఉంటుందని ముందుమాటలో రాశాడు. పాఠకుణ్ణి ఆపేది ఎవరు చేశారన్న ప్రశ్న కాదు, ఎలా ఒప్పుకుంటారన్నది. ఆ నవలలో మొగుణ్ణి చంపిన ఇల్లాలు ఎంతకీ నోరు విప్పదు. అధికారి దీ రాత్రికి రాత్రి కచేరీని యమసభలా అలంకరించి తాను యమధర్మరాజు వేషం కడతాడు, అప్పుడు ఒప్పుకుంటుంది. 11వ శతాబ్దపు కైఫెంగ్ అధికారి బావ్ ఝెంగ్ కథల్లోనూ ఇదే ఎత్తు ఉంది. ఆయన పగలు మనుషులకూ రాత్రి చచ్చినవాళ్లకూ తీర్పు చెబుతాడని జనం నమ్మకం. అంటే ఈ సంప్రదాయంలో పరలోకం పరిశోధనకు అడ్డొచ్చేది కాదు, పైస్థాయి విచారణ జరిగే చోటు. నాక్స్ ఆజ్ఞలు ఆయన ఊళ్లో చెల్లుతాయి, చెల్లనివ్వండి.

రెండో శంక గట్టిది. గార్డియన్‌లో నిజానికి దయ్యాలు ఎక్కడున్నాయి? నవలలో ఉన్నాయి, పాతాళ న్యాయాధికారులు ఉన్నారు, దేవతలు ఉన్నారు. మూఢనమ్మకాలను ప్రచారం చేయరాదన్నది చైనా ప్రభుత్వం తెరమీద చూపించేవాటికి పెట్టిన నియమాల్లో ఒకటి, 2001 నాటి సినిమా నిబంధనల్లో రాసే ఉంది. అందుకని సీరియల్లో దయ్యాలన్నీ వేరే గ్రహవాసుల సంతతి అయిపోయాయి, ఆత్మ కాస్తా శక్తి అయింది, పాతాళం దీషింగ్ అయింది. నవలలో ఇద్దరు మగవాళ్ల మధ్య ఉన్న ప్రేమ తెరమీద స్నేహం అయింది. అభిమానులు దీనికి ‘సోషలిస్టు సోదరభావం’ అని ముద్దుపేరు పెట్టారు. కత్తెర పడ్డ కథకు అర్జీ, ఆఫీసు అంటూ గొప్ప ఆపాదిస్తున్నారేమిటని ప్రశ్న. నష్టం జరగలేదని ఏ వ్యాఖ్యాతా అనలేడు. సృష్టి మొదలునుంచి కథ నడిపిన నవల లోతు సీరియల్లో లేదు, చాలాచోట్ల శాస్త్రీయ పరిభాష అతికించినట్టే వినబడుతుంది. కానీ కత్తెర వేసినవాళ్లకు తెలియకుండా ఒక మేలు జరిగింది. దయ్యాన్ని తీసేయగానే దాని చోట పౌరుడు మిగిలాడు. దయ్యానికి విముక్తి చాలు, పౌరుడికి హక్కులు కావాలి. ఎండ చూడాలని పైకొచ్చిన దీషింగ్‌వాడు నేరస్థుడా, వలసవచ్చినవాడా? శక్తి ఉంది కనుక అనుమానితుడా? నవలలో రానంత తరచుగా ఈ ప్రశ్న సీరియల్లో తలెత్తుతుంది. దయ్యాల పేరు మార్చి ఫైలు మూసేద్దామనుకున్నారు, మార్చిన పేరుతో కొత్త ఫైలు తెరుచుకుంది. పోలికకు 2022 నాటి ‘తాంగ్ రాజ్యపు విచిత్ర కేసులు’ చూడవచ్చు. అక్కడ ప్రతి వింత వెనకా చివరికి మనిషి చేయే బయటపడుతుంది. చక్కగా తీశారు, నాక్స్ కూడా మెచ్చుకునేవాడు. కాకపోతే వింత వీడిపోయాక ఆ కేసు గురించి ఆలోచించడానికి ఏమీ మిగలదు.

మూడోవాడు నవ్వుతూ, ఇదంతా ఎందుకు, ఆచార్యుడి వేషంలో ఝూ యీలోంగ్ కళ్లజోడు సర్దుకోవడం, అధికారి వేషంలో బాయ్ యూ కుర్చీలో అడ్డదిడ్డంగా కూలబడడం చూడ్డానికే కదా కూర్చున్నది అంటాడు. కాదనడం అబద్ధమవుతుంది. ఝూ యీలోంగ్ ఇందులో ఆచార్యుడు, ముసుగుదూత, వాళ్లకు శత్రువైన తమ్ముడు, ముగ్గురూ తానే అయి, గొంతూ నడకా మార్చి విడివిడిగా నిలబెట్టాడు. అయినా వీళ్లిద్దరే వేరే ప్రేమకథలో ఉంటే చూసేవాడు ఇంత సేపు మేలుకునేవాడు కాడు. ఆచార్యుడే దూత అని ప్రేక్షకుడికి త్వరగానే తెలిసిపోతుంది, ఝావ్ యున్‌లాన్‌కు తెలియదు. అతడు ప్రతి కేసులోనూ ఆ ఆచార్యుణ్ణే ఓరగా చూస్తుంటాడు, ఆచార్యుడు ప్రతి కేసులోనూ సాక్ష్యం దాస్తుంటాడు. ఆ దాపరికం ఎరిగిన మూడో మనిషి ప్రేక్షకుడు ఒక్కడే, ఒకరకంగా సహముద్దాయి. విభాగం రిజిస్టరులోకి ఎక్కని కేసు ఇది, సీరియల్లో అన్నిటికంటే పొడుగైనదీ ఇదే. అందం మొదటి ఎపిసోడ్‌కు కూర్చోబెడుతుంది, నేరంలో భాగం పంచుకున్నాక లేవడం కష్టం. గ్రాఫిక్స్ నాసిరకమన్న ఆక్షేపణకు సమాధానం అక్కర్లేదు. నాసిరకమే.

చిట్టచివరి శంక మిగిలింది. నలభయ్యో ఎపిసోడ్ అయ్యాక కేసులన్నీ తేలినట్టే కదా, అప్పుడైనా పడుకోవాలి, మళ్లీ మొదటినుంచి ఎందుకు మొదలుపెడతాడు? ఎందుకంటే ఊరందరి కేసులూ తేల్చిన ఇద్దరూ ముగింపులో లోకాన్ని కాపాడడానికి బలైపోతారు. పదివేల ఏళ్లు ఎదురుచూసినవాడు ఒకడు, ఆ సంగతి ఆలస్యంగా తెలిసినవాడు ఒకడు. వీళ్ల అర్జీ తీసుకునే పై ఆఫీసు కథలో ఎక్కడా కనబడదు. షీ ఫాంగ్‌పింగ్‌కు దొరికిన అర్లాంగ్ వీళ్లకు దొరకలేదు. 2018 ఆగస్టులో సీరియల్ యోకులోంచే మాయమైంది, కొంతకాలానికి కొన్ని దృశ్యాలు తగ్గించుకుని తిరిగొచ్చింది. ఈలోపల అభిమానులు కాగితాలు తమ చేతుల్లోకి తీసుకున్నారు. దోవ్ ఎ లాగే అడుగున పెట్టినదాన్ని పైకి లాగుతూ, ఇద్దరూ బతికి ఆఫీసుకు తిరిగొచ్చే ముగింపులు అనేక భాషల్లో ఇప్పటికీ రాస్తున్నారు. వాటిలో కొన్నిటికి అధ్యాయాలు నలభైకి మించి ఉంటాయి.