ముట్టుకుంటే కరిగిపోతుంది

కాకినాడలో మే నెల మధ్యాహ్నం రెండు గంటలకి అంటార్కిటికా వెళ్ళాలంటే ఆటోవాడు 80 రూపాయలు అడిగాడు. బేరమాడితే 60కి దిగాడు. ‘తాతయ్యా, ధ్రువాల ఎగ్జిబిషన్ వచ్చింది’ అని మా మనవరాలు వారం నుంచీ సతాయిస్తోంది. వచ్చింది అంటే సర్కస్ వచ్చినట్టే, అదే మైదానం, అవే రేకుల షెడ్లు.

గుమ్మంలో పెద్ద బ్యానరు: ఇంటరాక్టివ్ ఎగ్జిబిషన్. అంటే ఏమిటి బాబూ అని వాలంటీరు కుర్రాణ్ణి అడిగాను. ‘అన్నీ ముట్టుకుని తెలుసుకోవచ్చు సార్’ అన్నాడు. లోపల ముట్టుకోవలసిన తెరలు నాలుగున్నాయి. ప్రారంభోత్సవం రోజు ముఖ్య అతిథిగారు ముట్టుకున్నాక అవి మరెవర్నీ ముట్టుకోనివ్వడం లేదు.

జనమంతా మధ్యలో ఉన్నారు. అక్కడో థర్మోకోల్ మంచుకొండ, దాని ముందు అట్టతో చేసిన పెంగ్విన్, తెల్ల ఎలుగుబంటి భుజాల మీద చేతులేసుకుని నిలబడ్డాయి. ఒకటి దక్షిణ ధ్రువానిది, రెండోది ఉత్తర ధ్రువానిది. ప్రకృతిలో ఈ రెండూ ఎదురుపడ్డ దాఖలా లేదు. ‘ఎలుగుబంటి ఆర్కిటిక్‌లో కదా ఉంటుంది?’ అంది మా పిల్ల. ‘ఫొటోకి బాగుంటుందని పెట్టారమ్మా’ అన్నాడు కుర్రాడు. కమిటీ తలచుకుంటే ధ్రువాలనైనా కలుపుతుంది.

మూలగా, ఫ్యాను కూడా లేని చోట, పొడవాటి గాజుపెట్టె ఉంది. అందులో మంచు కడ్డీ నమూనా. దాని ముందు నేనూ, ఒక ఈగా. అంటార్కిటికాలో ఏటా పడే మంచు మీద మళ్ళీ మంచు పడి, బరువుకి అడుగుది గట్టిపడి, మధ్యలో గాలి బుడగలు చిక్కుబడిపోతాయి. ఆ మంచును తవ్వి కడ్డీలుగా పైకి తీసి, బుడగల్లో గాలిని కొలుస్తారు. బ్యాంకు పాసుబుక్కు లాంటిదే, కాకపోతే ఎంట్రీలు దిద్దడానికి వీల్లేదు. 8 లక్షల ఏళ్ళ ఎంట్రీలు దొరికాయి. అన్నేళ్ళలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్ళకి 300 దాటలేదు. ఇప్పుడు 420 దాటింది. ఇంత మాట చెప్పే పెట్టె ముందు సెల్ఫీ దిగిన వాడు ఒక్కడూ లేడు. పెట్టెకి ముక్కూ కళ్ళూ పెట్టకపోవడం కమిటీ తప్పే.

పక్కన ‘మైనస్ గది’. 1983 జూలై 21న అంటార్కిటికాలోని వోస్తోక్ కేంద్రంలో మైనస్ 89.2 డిగ్రీలు నమోదైందని తలుపు మీద రాసుంది. లోపల థర్మామీటరు 31 చూపిస్తోంది. ముందున్న మైనస్ గుర్తు ఎవరో బాల్‌పెన్నుతో గీసినట్టున్నారు. కరెంటు పోయిందట. ‘మంచు ఎందుకు కరుగుతోంది’ అన్న సినిమా సగంలో ఆగిపోయింది. మేనేజరు పరుగెత్తి డీజిల్ తెప్పించి జనరేటరు వేయించాడు. నల్లటి పొగ షెడ్డంతా కమ్మింది. సినిమా మాత్రం ఆగిన చోటు నుంచే మొదలైంది, దగ్గుతూ చూశాం.

మన దేశం సంగతులు ఆ పొగలోనే చదివాను. 1981 డిసెంబరులో డాక్టర్ ఖాసిం నాయకత్వాన 21 మంది గోవా నుంచి బయల్దేరి జనవరి 9న అంటార్కిటికాలో దిగారు. రహస్యంగా వెళ్ళారట. అంత పని చేసి ఫ్లెక్సీ కూడా వేసుకోని రోజులవి. తర్వాత కట్టిన మొదటి స్థావరం దక్షిణ గంగోత్రి మంచులో కూరుకుపోయి, 1990 నాటికి వదిలేయాల్సి వచ్చింది. సర్కారు బిల్డింగు కుంగింది అనగానే నాకు కాంట్రాక్టరు గుర్తొచ్చాడు. పాపం, ఆయన్ని అనకూడదు. అది మంచు పలక మీద కట్టింది, ఏటేటా పడే మంచు దాన్ని మింగేసింది. అందుకే 1989లో మైత్రిని రాతి నేల మీద కట్టారు. 2012లో వచ్చిన భారతిని 134 కంటెయినర్లతో కట్టి, స్తంభాల మీద నిలబెట్టారు. ఆర్కిటిక్‌లోని హిమాద్రి స్థావరానికి ఒకే బోర్డుతో సరిపెట్టారు, నేనూ ఒక వాక్యంతో సరిపెడుతున్నాను.

అంటార్కిటికాలో చెత్త పారేయకూడదు, డబ్బాల్లో నింపి ఓడలో వెనక్కి తేవాలి అని ఒక బోర్డు చెబుతోంది. ఆ బోర్డు కిందే టీ కప్పులూ, మిక్చర్ పొట్లాల కాగితాలూ మోకాలెత్తు పేరుకున్నాయి. వీటికి ఓడ ఇంకా రాలేదు.

చివర్లో నిజంగా ముట్టుకోదగ్గది ఒకటి దొరికింది. ‘ధ్రువపు మంచును తాకండి!’ అని బల్ల మీద ఐసు దిమ్మ. మా పిల్ల అరచేయి ఆనించి, వెంటనే వాసన చూసుకుంది. ‘తాతయ్యా, చేపల కంపు!’ హార్బరు పక్క ఐసు ఫ్యాక్టరీ సరుకు మరి. అంతలో ఒకాయన గోనెపట్టా భుజాన వేసుకుని కొత్త దిమ్మతో వచ్చాడు.

‘ఎన్నిసార్లు మారుస్తున్నావు?’

‘గంటకోటండీ. కరెంటు పోతే రెండండీ.’

‘ఏ ఊరు మీది?’

‘ఉప్పాడండీ. ఇప్పుడున్నది మూడో ఇల్లండీ. ముందువి రెండూ సముద్రంలో ఉన్నాయండీ.’

వాలంటీరు గొంతు సవరించుకున్నాడు. ఉప్పాడ తీరం కోతకి అలల తీరు, ఇసుక కదలిక, తుపాన్లు, ఇలా చాలా కారణాలున్నాయనీ, అంతా ధ్రువాల మంచు మీదకి నెట్టకూడదనీ చెప్పాడు. కుర్రాడు బాగా చదువుకున్నవాడే. ‘ఆయ్’ అన్నాడాయన వినయంగా, దిమ్మ దించి చేతులు తుడుచుకుంటూ. తర్వాత మధ్యలోకి చూసి, ‘బాబూ, ఆ ఎలుగుబంటిని కాస్త చూసుకోండి’ అన్నాడు.

బల్ల మీంచి కారిన నీళ్ళు వరసగా పోయి అట్ట కాళ్ళ కింద చేరాయి. మోకాళ్ళ దాకా మెత్తబడి, ఎలుగుబంటి పెంగ్విన్ మీదికి ఒరిగిపోతోంది. క్యూ మాత్రం కదలలేదు. వెనకాల ఒకడు నడుం పట్టుకుని లేపి ఉంచితే, ముందు నుంచి ఒకడు ఫొటో తీస్తున్నాడు. మా వంతు వచ్చినప్పుడు పట్టుకోవలసింది నేనే.