ఒక్క రోజులో చట్టమా?

మా రోజుల్లో నేర విచారణ చట్టం మారాలంటే ఏళ్లు పట్టేది. పట్టాలి కూడా. 1898 నాటి కోడ్‌ను ఎలా మార్చాలో లా కమిషన్ 1969లో తన 41వ నివేదికలో రాసిచ్చింది. మరుసటేడు బిల్లు వచ్చింది, ఉభయసభల సంయుక్త సంఘం దాన్ని గాలించింది, 1974 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చింది. అప్పుడే నేను నల్లకోటు తొడుక్కున్నాను.

ఆ నిదానం వల్ల ఏం ఒరిగిందో కోర్టు వరండాలో చూశాను. అంతకుముందు రిమాండు ఖైదీని తెచ్చేవాళ్లు, దర్యాప్తు సాగుతోందని కాగితం పెట్టేవాళ్లు, వాయిదా వేయించుకుని మళ్లీ సబ్‌జైలుకు తోలుకుపోయేవాళ్లు. కొత్త కోడ్ 60 రోజుల గడువు పెట్టింది. ఆలోగా చార్జిషీటు పడకపోతే, జామీను చూపిన ముద్దాయిని వదలాల్సిందే. దాంతో స్టేషన్లలో కాగితాలు కదిలాయి. శిక్ష వేసేముందు ముద్దాయి మాట వినాలన్నదీ, ఉరి వేస్తే ప్రత్యేక కారణాలు రాయాలన్నదీ ఆ కోడ్‌తో వచ్చినవే.

ఇప్పుడో? 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువతిపై అత్యాచారం చేసి చంపిన ఘోరం జరిగింది. డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఒక్క రోజులో గట్టెక్కించింది. 7 పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ, నేరం రుజువైతే ఉరి. నేనూ ఆడపిల్లల తండ్రినే, ఆ కోపం నాకూ ఉంది. కానీ ల్యాబ్ రిపోర్టు ఎన్నాళ్లకు వస్తుంది? ఒక్కో ప్రాసిక్యూటరు ఎన్ని కేసులు మోస్తున్నాడు? ఆ 21 పనిదినాలు దాటితే ఏమిటి? ఇవి తేల్చుకోవడానికి ఒక్క రోజు చాలుతుందా? చివరికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు, ఆ చట్టం కింద ఒక్క కేసూ నడవలేదు. ఆశపెట్టుకున్న తల్లులకు ఎవరు జవాబు చెబుతారు?

ఢిల్లీ తీరూ అంతే. 2023లో ఆ 1974 కోడ్ స్థానంలో తెచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితను స్థాయీ సంఘం చూసింది, కాదనను. కానీ డిసెంబరు 20న లోక్‌సభలో, 21న రాజ్యసభలో అది నెగ్గేనాటికి ప్రతిపక్ష సభ్యులు 140 మందికి పైగా సస్పెండై బయటున్నారు. 15 రోజుల పోలీసు కస్టడీని ముక్కలు చేసి, నేరాన్ని బట్టి తొలి 40 లేదా 60 రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చన్న సెక్షన్ అందులోదే. బెయిలు అర్జీ పెట్టిన ప్రతి పేదవాడికీ అది తగులుతుంది. దానిమీద గట్టిగా నిలదీయాల్సినవాళ్లు గుమ్మం బయట!

మా ఎమ్మెల్యేలను అడుగుతున్నాను. ఈసారి ఇలాంటి బిల్లు వస్తే సెలెక్ట్ కమిటీకి పంపండి. ప్రాసిక్యూటరునూ, జైలరునూ, బాధితురాలి తల్లినీ పిలిపించి వినండి. ఆ తర్వాతే చేతులెత్తండి.