గొలుసు తెగిన రాత్రి: ఒక కబడ్డీ మ్యాట్ పలక ఆత్మకథ

నా వీపు మీద నల్ల మార్కరుతో 47 అని రాసి ఉంటుంది. నాకున్న పేరు అదే. మీటరు పొడవు, మీటరు వెడల్పు, రెండున్నర సెంటీమీటర్ల మందం, నీలం రంగు. నాలుగు అంచులకూ పళ్లుంటాయి. ఆ పళ్లు పక్క పలక సందుల్లోకి దిగితేనే నేను కోర్టును. దిగకపోతే గోడకు ఆనించిన ఫోమ్ ముక్కను. మగవాళ్ల కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. అది నిండాలంటే నాలాంటి పలకలు 130 కావాలి.

జనగామలో పరిచినా, మానుకోటలో పరిచినా, భూపాలపల్లిలో పరిచినా నా చోటు మారేది కాదు. ఒక సగంలో ఎడమ మూల నాదిగా ఉండేది. లెఫ్ట్ కార్నర్ ఎప్పుడూ నా మీదే నిలబడేవాడు. అందుకే రైడర్ల కంటే నాకు డిఫెండర్ల పాదాలే బాగా తెలుసు. వేళ్లతో నన్ను గట్టిగా పట్టుకుని, మడమ లేపి, రైడర్ కాలు ఎప్పుడు దగ్గరికొస్తుందా అని కాచుకునే పాదాలవి.

మాకంటే ముందు ఈ మూడు ఊళ్లలోనూ ఆట మట్టి మీదే సాగింది. పెద్దవాళ్లు దాన్ని ఇప్పటికీ చెడుగుడు అనే పిలుస్తారు. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీకి మొదటిసారి పతకం పెట్టారు. 2014లో ప్రో కబడ్డీ వచ్చి ఆటను టీవీలోకి తెచ్చింది. ఆ తర్వాత పల్లెల పిల్లలు కూడా మ్యాట్ కావాలన్నారు. అలా వచ్చినవాళ్లం మేము.

టీవీ చూసేవాళ్లకు రైడర్ కనిపిస్తాడు. మైకులో వినిపించేది అతని పేరే. అతను కూత పెడుతూ వెళ్లి తెచ్చిన పాయింట్లను వెనక కాపాడేది గొలుసు. మూలలకు ఇద్దరు కార్నర్లు, వాళ్ల పక్కన ఇద్దరు ఇన్‌లు, వాళ్ల తర్వాత ఇద్దరు కవర్లు, నడుమ ఒక సెంటర్. కార్నర్ చెయ్యి ఇన్ చేతిలో ఉంటుంది, కవర్లిద్దరూ ఒకరి కదలికను ఒకరు చూసుకుంటూ ఉంటారు. ఒకడు చీలమండ పడితే రెండోవాడు నడుము పడతాడు, మూడోవాడు అడ్డం నిలబడతాడు. ఎవడు ఎప్పుడు దూకుతాడో నోటితో చెప్పుకునే తీరిక ఉండదు. అరచేతి ఒత్తిడితోనే తెలియాలి. నెలల తరబడి కలిసి ఆడితేనే ఆ చేతుల భాష వస్తుంది.

2024 సంక్రాంతికి మూడు ఊళ్ల కుర్రాళ్లు కలిసి ఆడుకునే పోటీ జరిగింది. లీగ్ ఆటలు జనగామలో, సెమీఫైనల్స్ మానుకోటలో, ఫైనల్ భూపాలపల్లిలో. మమ్మల్ని డీసీఎం లారీ ఎక్కించి పాలకుర్తి, తొర్రూరు మీదుగా మానుకోటకు తీసుకుపోయారు. నేను చెప్పబోయేది జనగామ వైపు నుంచి వచ్చిన ఒక జట్టు గురించి. పన్నెండు మందిని తెచ్చుకోవచ్చు గానీ వాళ్లు వచ్చింది పదిమందే. ఏడుగురు లోపల, ముగ్గురు బయట. వాళ్లకు శిక్షణ ఇచ్చేది ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు. పిల్లలు ఆయన్ని సారూ అంటారు. ఆయన వాళ్లను బిడ్డా అంటాడు.

లీగ్ ఆటల్లోనే వాళ్ల రైట్ కవర్ భుజం జారింది. చేతికి పట్టీ వేసుకుని అతను గట్టున కూర్చున్నాడు. అప్పటికే గొలుసులో ఒక లంకె పోయింది.

మానుకోటలో సెమీఫైనల్ రాత్రి జరిగింది. జనవరి చలి, పైనుంచి మంచు. మ్యాట్ మీద మంచు దిగితే పాదం జారుతుంది, అందుకని రెండు రైడ్లకోసారి తువ్వాళ్లతో తుడుస్తున్నారు. ఇక్కడ నేనొక నిజం చెప్పాలి. లారీలు ఎక్కీ దిగీ నా కుడి అంచున ఒక పన్ను అరిగిపోయింది. పక్కనున్న 48తో నా పట్టు వదులైంది. నాకు తెలుసు, చెప్పడానికి నోరు లేదు. పరిచినవాళ్లు చూసుకోలేదు.

రెండో సగంలో ఆ జట్టు నా వైపు వచ్చింది. లెఫ్ట్ కార్నర్ కుర్రాడు నా మీద నిలబడ్డాడు. రైడర్ బోనస్ గీత కోసం కాలు చాపాడు. కుర్రాడు చీలమండ మీదికి దూకాడు. పట్టు దొరికింది. రైడర్ గుంజుకుంటుంటే కుర్రాడి ఎడమ పాదం నాకూ 48కీ నడుమ లేచిన సందులో ఇరుక్కుంది. పాదం ఆగిపోయింది, ఒళ్లు తిరిగింది. నడుమ ఉన్న మోకాలు ఆ రెండింటినీ భరించలేకపోయింది. ఆ శబ్దం జనానికి వినపడి ఉండదు. నాకు వినపడింది.

సారు టైమౌట్ అడిగాడు. 30 సెకన్లు. అంత చిన్న వ్యవధిలో ఎవరైనా చేసేదే ఆయనా చేశాడు. అనుభవమున్న రైట్ కార్నర్‌ను ఎడమ మూలకు తెచ్చాడు. లెఫ్ట్ కవర్‌ను కుడి మూలకు పంపాడు. బయటున్న కుర్రాణ్ణి కవర్‌లో నిలబెట్టాడు. గాయపడింది ఒక్కడే, మారింది మూడు చోట్లు. అప్పటికే రైట్ కవర్ కూడా కొత్తవాడు కావడంతో కవర్లిద్దరూ కొత్తవాళ్లే అయిపోయారు. ఎవడి చెయ్యి ఎవడికీ తెలియదు. రైట్ కార్నర్ జీవితమంతా కుడివైపు నుంచి దూకినవాడు, ఎడమవైపు నుంచి అతని లెక్క తప్పుతోంది. ఐదు నిమిషాల్లో ఆలౌట్ అయ్యారు, ప్రత్యర్థికి అదనంగా రెండు పాయింట్లు పోయాయి. మొదటి సగంలో సంపాదించిన ఆధిక్యం ఉండబట్టి ఒక్క పాయింటుతో గట్టెక్కారు. గెలిచినా ఎవరూ ఎగరలేదు. అందరూ కుర్రాడి చుట్టూ చేరారు.

ఆ రాత్రి మమ్మల్ని డీసీఎంలో పేర్చారు. పిల్లలు మా మీదే దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. కుర్రాడి మోకాలికి ఐసు పెట్టారు.

"సార్, టేపు గట్టిగ సుట్టుండ్రి. ఫైనల్ల నేనాడుత. హనుమ విహారి మణికట్టు ఇరిగినంక గూడ ఆడలేదా?"

ఆడాడు. 2023 మొదట్లో ఇండోర్‌లో ఆంధ్ర జట్టు మధ్యప్రదేశ్‌తో రంజీ క్వార్టర్ ఫైనల్ ఆడుతుంటే అవేశ్ ఖాన్ బంతికి విహారి ఎడమ మణికట్టు చిట్లింది. కుడిచేతి వాటం ఆటగాడు గాయపడ్డ చేతిని బంతికి దూరంగా పెట్టుకోవడానికి ఎడమచేతి వాటం ఆటగాడిలా నిలబడ్డాడు. చివరి బ్యాటరుగా మళ్లీ దిగి మొదటి ఇన్నింగ్స్‌లో తన స్కోరును 27కు చేర్చాడు, రెండో ఇన్నింగ్స్‌లో 15 పరుగులు చేశాడు. ఆ మ్యాచ్ మధ్యప్రదేశ్ ఐదు వికెట్లతో గెలిచింది.

సారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "విహారికి బ్యాటు పట్టనీకి ఇంకో చెయ్యి ఉండె బిడ్డా. నువ్వు దూకేది ఆ మోకాలు మీదనే గద. పవన్ సెహ్రావత్‌ను సూడు."

పవన్ కథ ఆ పిల్లలందరికీ తెలుసు. 2022లో ప్రో కబడ్డీ జట్టు తమిళ్ తలైవాస్ అతన్ని 2.26 కోట్లకు కొనుక్కుంది. సీజన్‌లో తన మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతింది, సీజన్ మొత్తం బయటే ఉన్నాడు. అయినా ఆ జట్టు మొదటిసారి ప్లేఆఫ్‌కు చేరింది. అక్కడికి చేరేసరికి వాళ్ల రైట్ కార్నర్ సాగర్ కూడా గాయంతో లేడు. మిగిలిన డిఫెన్స్‌తోనే సెమీఫైనల్ దాకా పోయి పుణేరి పల్టన్ చేతిలో 37–39తో ఓడింది. పవన్ మాత్రం తొందరపడలేదు. ఏడాది తిరిగేసరికి, 2023 అక్టోబరులో, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత జట్టు కెప్టెన్‌గా స్వర్ణం గెలిచాడు. 2023 ప్రో కబడ్డీ సీజన్‌కు 2.605 కోట్లు పెట్టి అతన్ని తెచ్చుకుంది మన తెలుగు టైటాన్సే.

కుర్రాడి అన్న డాలస్‌లో ఉంటాడు. సంగతి తెలిసి వీడియో కాల్ చేశాడు. తమ్ముడికి ధైర్యం చెప్పి సారుతో మాట్లాడాడు. సారు మూడు చోట్లు మార్చిన సంగతి చెబితే అతను అమెరికా ఫుట్‌బాల్‌లోని ఒక రాత్రి గురించి చెప్పాడు. ఆ ఆటలో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందు ఐదుగురు భారీ మనుషులు గోడ కడతారు. బంతితో పరుగెత్తని ఆ ఐదుగురే జట్టుకు ప్రాణం. 2021 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఫైనల్‌కు కాన్సస్ సిటీ చీఫ్స్ వచ్చేసరికి ఆ గోడకు రెండు చివర్లా నిలబడే ఎరిక్ ఫిషర్, మిచెల్ ష్వార్ట్జ్ ఇద్దరూ గాయాలతో లేరు. కుడివైపువాణ్ణి ఎడమకు మార్చారు, లోపలివాణ్ణి కుడి చివరికి పంపారు, అతని చోట మరొకణ్ణి పెట్టారు. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ అంతటివాడు ఆ రాత్రంతా పరుగెడుతూనే ఉన్నాడు. చీఫ్స్ 9–31తో ఓడింది.

"ఆ తర్వాత ఏం జేసిన్రు?" అని సారు అడిగాడు.

"గోడనే మళ్లీ కట్టుకున్నరు సార్. రెండేండ్లకు, 2023ల, మళ్లీ సూపర్ బౌల్ ఆడిన్రు. ఎదుటి జట్టు మహోమ్స్‌ను బంతి ఇసరకముందే గోడ ఎనుక ఒక్కసారి గూడ పడగొట్టలేకపోయింది. 38–35తోని గెలిచిన్రు."

కట్టుకోవడానికి వాళ్లకు రెండేళ్లున్నాయి. సారుకు ఉన్నది రెండు రోజులు.

నర్సంపేట మీదుగా భూపాలపల్లి చేరాం. అది బొగ్గు ఊరు. మమ్మల్ని పరుస్తుంటే కేటీకే గనిలో పనిచేసి దిగిపోయిన ఒక పెద్దాయన చూస్తూ నిలబడ్డాడు. సారు టీ తాగుతూ ఆయనతో మాటల్లో పడ్డాడు. పిల్లల గాయాల సంగతి విని పెద్దాయన అన్నాడు: "బాయిల పైకప్పుకు పెట్టిన ప్రాపు ఒకటి ఇరిగిందనుకో సారూ, పక్కదాన్ని పీకి ఆడ పెట్టం గద. పక్కయి ఎట్లున్నయో అట్లనే ఉండాలె. కొత్తది తెచ్చి నడుమ నిలబెడతం."

సారు గ్లాసు కింద పెట్టి పిల్లల్ని పిలిచాడు. మా మీదే గుండ్రంగా కూర్చోబెట్టాడు. ఆ రోజు ఆయన చెప్పిన మాట నా పళ్లన్నిట్లో నిలిచిపోయింది.

"పాతోళ్లు ఎవ్వడు జాగ మారొద్దు. కొత్తోళ్లిద్దరి చేతులు ఒకదాంట్ల ఒకటి పెట్ట. ఒక్కో కొత్త చెయ్యి పాత చేతిలనే ఉండాలె."

రైట్ కార్నర్ తన మూలకు తిరిగి వచ్చాడు. లెఫ్ట్ కవర్ తన చోటికి వచ్చి కొత్త రైట్ కవర్‌కు జత అయ్యాడు. ఎడమ మూలలో, నా మీద, పదిహేడేళ్ల కొత్త కుర్రాడు. అతని చెయ్యి పాత లెఫ్ట్ ఇన్ చేతిలో. అతనికి సారు పెట్టిన నియమం ఒక్కటే: ఒంటరిగా దూకొద్దు, అన్న చెయ్యి గుంజినప్పుడే కదలాలి. రైడర్లకు వేరే పని చెప్పాడు. తొందరపడి దొరికిపోవద్దు, 30 సెకన్లూ వాడుకోవాలి, పాయింటు రాకున్నా తిరిగి రావాలి. గొలుసు బలహీనంగా ఉన్నప్పుడు దాని మీద భారం తగ్గించడం రైడర్ బాధ్యత అన్నాడు. పొద్దంతా ఆ చేతులు పట్టుకునే సాధన చేశారు. ఆటకు ముందు సారు మోకాళ్ల మీద పాకుతూ ప్రతి పలక అంచునూ వేళ్లతో తడిమి చూశాడు. నా దగ్గర ఆగాడు. వదులైన సందుకు అడుగున గట్టి టేపు వేశాడు.

ఫైనల్ మొదలైంది. కొత్త కుర్రాడి పాదాలు వణకడం నాకు తెలుస్తోంది. మొదటి మూడు రైడ్లకు అతను కదలలేదు. నాలుగోసారి పక్కనున్న అన్న చెయ్యి గుంజింది. కుర్రాడు వంగి చీలమండ అందుకున్నాడు, అన్న నడుము పట్టాడు, కవర్లు వచ్చి మూసేశారు. విజిల్ పడింది. ఆ తర్వాత అతని పాదాలు వణకలేదు.

రెండో సగంలో ఒక దశలో కోర్టులో ముగ్గురే మిగిలారు. ఆలౌట్ తప్పదనుకున్నారంతా. ముగ్గురూ కలిసి రైడర్‌ను పట్టేశారు, సూపర్ టాకిల్ కింద రెండు పాయింట్లు వచ్చాయి. ఆ రాత్రి వాళ్లు ఒక్కసారి కూడా ఆలౌట్ కాలేదు. ఆట మాత్రం రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. ఎదుటి జట్టు నిజంగా మంచి జట్టు. గట్టున కర్ర పట్టుకుని నిలబడ్డ మా కుర్రాడు ముందుగా కొత్త కార్నర్ దగ్గరికే పోయి అతని తల నిమిరాడు.

కుర్రాడి మోకాలికి ఆపరేషన్ జరిగింది. తొమ్మిది నెలలకు పైగా వ్యాయామాలు చేశాడు. మొదట గోడ పట్టుకుని నిలబడటం, తర్వాత నడక, తర్వాత పరుగు, ఆఖరున దూకడం. నా అరిగిన పన్ను సంగతి బయటపడ్డాక నన్ను కోర్టు లోపలి నుంచి తీసేసి, గీతల అవతల, ఆటగాళ్లు దిగని అంచుకు మార్చారు. నాకు బాధ లేదు. దెబ్బతిన్న పలకను మూలలో ఉంచి ఇంకో మోకాలిని బలి ఇవ్వడం కంటే అది ఎంతో మేలు.

గట్టు మీది నుంచి నేను మీకు చెప్పేది ఇంతే. మ్యాట్ పరిచేవాళ్లు ప్రతి పలక అంచునూ చేత్తో తడిమి చూడండి. సార్లూ, బయట కూర్చున్న ముగ్గురికీ ఏడుగురితో సమానంగా సాధన చేయించండి, వాళ్ల చేతులు పాతవాళ్ల చేతులకు ముందే అలవాటు కావాలి. తల్లిదండ్రులూ, కప్పు కోసం దెబ్బతిన్న మోకాలితో దూకుతానన్న పిల్లవాణ్ణి మెచ్చుకోకండి, కూర్చోబెట్టండి.

2025 సంక్రాంతికి ఆ కుర్రాడు మళ్లీ ఎడమ మూలలో నిలబడ్డాడు. పక్కన అతని చెయ్యి పట్టుకుని ఉన్నది పాత లెఫ్ట్ ఇన్నే. నిరుటి కొత్త కుర్రాడు ఇప్పుడు కుడి మూలలో ఆడుతున్నాడు.