మేమిద్దరం, ఒకే చేతిలో

మమ్మల్ని విడదీస్తే ఎందుకూ పనికిరాం. రెండు పనస చెక్కలం, చివర్లలో మేకులకు గుచ్చిన కంచు బిళ్లలు. ఒకరం బొటనవేలి వైపు, ఇంకొకరం మిగతా వేళ్ల వైపు. వేళ్లు మూసుకుంటే కలుస్తాం, తెరుచుకుంటే విడిపోతాం. ఇంతే మా కాపురం. మా పేరు చిడతలు. పనీపాటా లేనివాణ్ణి చిడతలు వాయించుకోమని ఎకసెక్కెం ఆడతారు జనం. ఆడనివ్వండి. ఆ మాట అనేవాళ్లెవరూ మూడు గంటల సేపు ఒక్క చేత్తో మమ్మల్ని పలికిస్తూ, ఇంకో చేత్తో అభినయిస్తూ, కాలి గజ్జెతో తాళం తప్పకుండా కథ చెప్పి ఉండరు.

మా ఒంటి మీద ఎనిమిది బిళ్లలుండాలి. ఏడే ఉన్నాయి. ఎనిమిదోది ఎలా పోయిందో ఆ కథ వచ్చినప్పుడు చెబుతాం.

మా మొదటి చెయ్యి కోనసీమ దాసుగారిది. అరచెయ్యి గరుకు, పట్టు మెత్తన. ఆయన గురువుగారు చిన్నతనంలో విజయనగరం వెళ్లి ఆదిభట్ల నారాయణదాసుగారి కథ విన్నారట. 1864లో అజ్జాడలో పుట్టి, 1919లో విజయనగరం సంగీత కళాశాలకు మొదటి అధ్యక్షుడైన ఆ మహానుభావుడు రెండు చేతులు, రెండు కాళ్లు, తల, ఈ అయిదింటితో అయిదు తాళాలు ఒకేసారి నడిపించేవాడని అందరూ చెప్పుకుంటారు. ధ్రువ చరిత్రా, అంబరీష చరిత్రా రాసిన చెయ్యే ఒమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చింది. మా దాసుగారు ఆ సంగతులన్నీ వరసగా చెప్పి, చివర్న మమ్మల్ని ఒళ్లో పెట్టుకుని నవ్వేవారు. "అయిదు తాళాలు నాకెక్కడొస్తాయి? వచ్చిన ఒక్కటీ జనం దగ్గుకి తెగిపోకుండా చూసుకుంటే చాలు" అని.

ఆయన భయపడగా మేం చూసింది ఒక్కసారే. రేడియోలో అరగంట కథ. గజ్జెలు విప్పించారు. గోడలకు పరుపులు కుట్టినట్టున్న గది, ఎదురుగా మనిషి లేడు, ఒక ఎర్రలైటు. మొదటి పద్యం ఎత్తి, పూర్తి చేసి, జనం గోవింద కొడతారని అలవాటుగా ఆగారు. ఎవరు కొడతారు? ఆ ఖాళీలో ఆయన వేళ్లు మా మీద చల్లబడిపోయాయి. రెండోసారి పిలిచినప్పుడు, అద్దం అవతల మీటలు తిప్పే కుర్రాణ్ణి ముందే బతిమాలుకున్నారు: "బాబూ, నువ్వు నవ్వక్కర్లేదు. నావైపు చూస్తూ కనురెప్పలు కొడుతూ ఉండు, అదే పదివేలు." ఆ అరగంట కథంతా ఆ రెండు కళ్లకే చెప్పారు. బాగా వచ్చిందని ఊళ్లో అన్నారు.

మోకాళ్లు అరిగిపోయాక మమ్మల్ని ఒక అమ్మాయి చేతికిచ్చారు. కపిలేశ్వరపురంలో గోదావరి గట్టు దగ్గరున్న సర్వారాయ హరికథా పాఠశాలలో నేర్చుకుని వచ్చింది. పద్యం, కీర్తన, దరువు, గజ్జె, అన్నీ వచ్చు. శ్రుతి శుభ్రం. చెయ్యి మాత్రం మంచులా ఉండేది.

మొదటి కథ శ్రీరామనవమి పందిట్లో, గజేంద్ర మోక్షం. దండ వేశారు, హార్మోనియం శ్రుతి కలిపింది, అమ్మాయి మమ్మల్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే ఒకరి నొప్పి ఇంకొకరికి తెలిసింది. ముందు వరసలో ఒకాయన ఆవులించాడు. అంతే, లయ ఉరకడం మొదలైంది. ఆవులింత కనబడ్డప్పుడల్లా ఇంకాస్త వేగం. మృదంగం ఆయన పాపం వెంటపడి పరుగెత్తాడు. ఏనుగు మడుగులో దిగిందో లేదో మొసలి పట్టేసింది, పట్టిందో లేదో విష్ణుమూర్తి వచ్చేశాడు. మూడు గంటల కథ గంటా ఇరవై నిమిషాల్లో తేలిపోయింది. ముక్తాయింపు దగ్గర ఆ విసురుకి మా ఎనిమిదో బిళ్ల ఊడి హారతి పళ్లెంలో పడింది. ఎవరో రూపాయి అనుకుని కళ్లకద్దుకున్నారు.

దిగాక ఊరి పెద్ద అన్న మాట: "చాలా బాగా పాడావమ్మా." చెప్పావు అనలేదు. అమ్మాయికి ఆ తేడా బస్సెక్కాక తెలిసింది. సంచిలోంచి మాకు ముక్కు ఎగబీల్చడం వినబడింది.

దాసుగారు తిట్టలేదు. మమ్మల్ని తీసి గోడమేకుకు తగిలించారు. మామ్మగారు, అంటే ఆయన భార్య, వసారాలో చింతపండు పిక్కలు తీస్తున్నారు. ఆవిడ ముందు కూర్చోబెట్టి, "అదే కథ చెప్పు. పాట వద్దు, పద్యం వద్దు, ఉత్త వచనం. ఆవిడ చేతులు చూస్తూ చెప్పు" అన్నారు.

మామ్మగారు యాభై ఏళ్లుగా గజేంద్ర మోక్షం వింటున్న మనిషి. ఆవిడే ఏమిటి, పందిట్లో కూర్చున్న ఎవరికి తెలియదు కనక ఆ ఏనుగు బతుకుతుందని? తెలిసిన కథ చెప్పడంలో ఉన్న కష్టం అదే. ఏమవుతుందోనని ఎవరూ ఎదురుచూడరు. అమ్మాయి చెబుతూనే ఉంది, మామ్మగారి గోరు చింతపండు చీలుస్తూనే ఉంది, పిక్క ఇత్తడి పళ్లెంలో టక్కున పడుతూనే ఉంది. నిజం చెప్పొద్దూ, ఆ పిక్కల లయ అమ్మాయి లయకన్నా నికరంగా ఉంది.

మూడో రోజు చేతులు ఆగాయి. అమ్మాయి మొహం చాటంత అయింది. మామ్మగారు వేలు పైకెత్తి, "గోట్లో పీచు గుచ్చుకుందే, కాస్త చూడు" అన్నారు.

ఆ వారంలోనే కాలవ పక్క బోదెలో ఒక గేదె దిగబడింది. చుట్టూ పదిమంది, తాళ్లు, కేకలు. అమ్మాయి అక్కడే గంటన్నర నిలబడింది. దాసుగారు చూడకుండా ఆ పూటకి మేకు మీంచి తీసి గుడ్డసంచిలో వేసుకుంది మమ్మల్ని. మాకు కనబడలేదు గానీ వినబడింది. మొదట్లో నీళ్లు కొట్టుకున్న చప్పుడు. తరువాత బురద పీల్చుకునే చప్పుడు, కుక్కర్లోంచి గాలి పోతున్నట్టు. ఆ తరువాత గేదె పెనుగులాడటం మానేసింది. అప్పుడు వచ్చింది దాని ఊపిరి, పొడుగ్గా, ముక్కుతో. ఆ ఊపిరి విన్నాక అరుస్తున్న మగాళ్లు కూడా గొంతు తగ్గించారు. చివరికి లాగారు లెండి, బతికింది.

మర్నాడు వసారాలో మొసలి పట్టిన దగ్గర అమ్మాయి నెమ్మదించింది. ఏనుగు ముందు కాలు లాక్కోబోయింది. లాగినకొద్దీ మిగతా మూడు కాళ్లూ లోపలికి దిగాయి. తొండంతో గట్టుమీది తుంగ పట్టుకుంది, తుంగ వేళ్లతో సహా ఊడొచ్చింది. తరువాత అది అరవడం మానేసింది. అక్కడ అమ్మాయి కూడా మాట మానేసి, ముక్కుతో పొడుగ్గా ఒక ఊపిరి తీసింది.

పళ్లెంలో పిక్క పడలేదు. సగం చీల్చిన చింతపండు వేళ్ల మధ్యే ఉంచుకుని మామ్మగారు అడిగారు: "ఎవరి గేదే అది, అమ్మాయ్?"

ఆ సాయంత్రం మమ్మల్ని మేకు మీంచి దింపారు.

ఇక అన్నీ చక్కబడ్డాయని చెప్పం. నవ్వు రుచి మరిగి పిట్టకథల్లో పడింది కొన్నాళ్లు. అత్తగారి సెల్‌ఫోను మీద ఒకటి కట్టింది, పందిరి ఊగిపోయేది. ఒక రాత్రి దాన్ని ఇరవై నిమిషాలు సాగదీసి, మళ్లీ మడుగు దగ్గరికొచ్చేసరికి జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు, ఏనుగు కాలు మొసలి నోట్లో ఉండగా. మృదంగం ఆయన వంగి, "అమ్మా, ఇప్పుడు మనం ఎక్కడున్నాం?" అని గుసగుసగా అడిగాడు. దాసుగారికి తెలిసి ఒకటే మాట అన్నారు: "పిట్టకథ పిట్టలా వాలి ఎగిరిపోవాలి. నువ్వు దానికి గూడు కట్టి, గుడ్లు పెట్టించావు."

వినేవాళ్లూ దిద్దారు. బురద ఘట్టం ఊళ్లల్లో పేరు తెచ్చుకున్నాక, ఒక రైతు కథ అయ్యాక ఆగి, "దిగబడ్డ గొడ్డు ఊరికే వెనక్కి లాక్కోదమ్మా, ముందు ఒక పక్కకి ఒరుగుతాది. ఒరిగితే ఇంక లేవదు, అదండి అసలు భయం" అని చెప్పి వెళ్లిపోయాడు. మర్నాటి ఊళ్లో ఏనుగు ఒక పక్కకు ఒరిగింది. అమ్మాయి భుజం కూడా ఒరిగింది, మేమూ ఒరిగాం.

హరికథకు 2023లో కోట సచ్చిదానంద శాస్త్రిగారి పేరన, మరుసటేడు ఉమామహేశ్వరిగారి పేరన పద్మశ్రీలు వచ్చాయి. పిలుపులు పెరిగాయి, టైము తగ్గింది. "అరగంటలో ముగించండమ్మా, తరువాత డాన్సులున్నాయి" అంటారు. అరగంటలో ఏం ఉంచాలి? అమ్మాయి పూర్వజన్మ తీసేసింది. ఇంద్రద్యుమ్న మహారాజూ లేడు, శాపమూ లేదు, మొసలి గంధర్వుడన్న మాటా లేదు. బురద ఉంచింది. ఒక పండితుడు నొచ్చుకున్నాడు, శాపం లేకపోతే మోక్షానికి అర్థమేముందని. మా ఇద్దరిలో బొటనవేలి వైపు ఉన్నది పండితుడిదే న్యాయమంటుంది. వేళ్ల వైపు ఉన్న నేను ఒప్పుకోను. ఈ ఒక్క తగువు మాకు ఇంకా తీరలేదు.

మొన్న వినాయక చవితి పందిట్లో అరగంట దాటి పది నిమిషాలు అయింది. నిర్వాహకుడు వేదిక పక్కన చేతి గడియారం చూపిస్తున్నాడు. వెనకాల రోడ్డు మీద పల్లీల బండి, ఇసుకలో వేయిస్తూ మూకుడు అంచు మీద గరిటెతో టంగుటంగుమని కొడుతున్నాడు, వాడి గిరాకీ వాడిది. అమ్మాయి, అమ్మాయేమిటి, జుట్టు నెరుస్తోంది, ఏనుగును ఒరగబెట్టిన చోట కరెంటు పోయింది. మైకు చచ్చింది. పాత రోజుల్లో అయితే ఉరికేది. వేళ్లు తెరిచి మమ్మల్ని విడిగా పట్టుకుంది. ఎవరం ఎవరికీ తగల్లేదు. చీకట్లో ముక్కుతో ఊపిరి తీసింది, ఒకసారి, ఇంకోసారి. నిర్వాహకుడి చెయ్యి దిగిపోయింది. ఎవరి ఒళ్లోనో పిల్లాడు "అమ్మా, ఏనుగు" అన్నాడు, ష్‌ అన్నారు.

రోడ్డు మీద గరిటె చప్పుడు ఆగింది.

కరెంటు వచ్చి, విష్ణుమూర్తి వచ్చి, హారతి అయ్యాక, మమ్మల్ని సంచిలో వేసుకుని రోడ్డెక్కింది. బండివాడు మూకుడు బోర్లించి నల్లగా మాడిన పల్లీలు కాలవలో పారబోస్తూ ఎవర్నో తిట్టుకుంటున్నాడు.