ఉష్ణశిలామర్దన పూర్వరంగము: సటీకాతాత్పర్యము

అవతారిక. కర్నూలులో ఒక హోటలు పై అంతస్తున వెలసిన స్పా వారు, తొలిసారి వచ్చినవాళ్ల చేతిలో ఒక అట్ట పెడుతున్నారు. దానికి బంగారు అంచు, నడిమధ్య తామరపువ్వు, ఒక మూల కళ్లు మూసుకున్న బుద్ధుడు. 'మీ ప్రథమ హాట్ స్టోన్ మసాజ్‌కు సిద్ధమగుట' అని శీర్షిక. వీపు మీద వేడిరాయి పెట్టించుకోవడానికి చొక్కా విప్పితే చాలదా అని పామరులు అనుకుంటారు. చాలదట. దానికి ఆరు నియమాలున్నాయి, ఆరూ ఉపనిషత్తు ఫక్కీలో ఉన్నాయి. ఇంతటి గ్రంథం వ్యాఖ్య లేకుండా పడి ఉండటం లోకానికి లోపం గనుక ఈ పూనిక.

వ్యాఖ్య రాసే అధికారం ఎక్కడిదంటారా? మా సీమకు అది పాత అలవాటే. బ్రౌన్ దొర కడపలో బంగళా కొని, పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టి, తాళపత్రాల పాఠాలు సరిచూపించి, కావ్యాలకు టీకలు రాయించాడు. మనుచరిత్రకు జూలూరి అప్పయ్య వ్యాఖ్య ఆ దొర పూనికతో వచ్చిందే. ఇక మల్లినాథసూరి అయితే ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది రాయను అని ఒట్టు పెట్టుకున్నాడు. అందులో మొదటి సగానికి నేను కట్టుబడి ఉంటాను.

మూలము: అతిథి మహోదయా! నిర్ణీత సమయమునకు పదునైదు నిమిషములు ముందుగా విచ్చేసి, అంతరంగమును బాహ్యప్రపంచము నుండి విముక్తము గావించుకొనుడు.

టీక: అతిథి = డబ్బు ముందే కట్టినవాడు. తక్కినది సుగమము.

తాత్పర్యము: ముందే రండి, కూర్చోబెడతాం. లోకం నుంచి విడివడటానికి జన్మలు పడతాయని పెద్దలన్నారు. ఇక్కడ పావుగంట.

మూలము: మర్దనమునకు రెండు గంటల ముందు గురుభోజనము వర్జ్యము.

టీక: గురుభోజనము = రాగిసంగటి, నాటుకోడి పులుసు మొదలగునవి. ఇక్కడ ఒక శంక. పొద్దున తిన్న ఉగ్గాని బజ్జీ ఏ వర్గంలోకి వస్తుంది? ఉగ్గాని బొరుగులే గనుక లఘువు. మిరపకాయ బజ్జీ నిస్సందేహంగా గురువు. ముందు లఘువు, వెనుక గురువు, వెరసి వగణం. వగణం తిని బోర్లా పడుకోవచ్చునా అన్న విషయంలో లాక్షణికులు మౌనంగా ఉన్నారు. నియమం మాత్రం మంచిదే. కడుపు నిండా తిని బోర్లా పడుకోవద్దని మా ఇళ్లలో ముసలివాళ్లు తామరపువ్వు బొమ్మ లేకుండానే చెబుతారు.

మూలము: ముందునాటి నుండియే పుష్కలముగా జలపానము చేయుడు.

టీక: పుష్కలముగా = ఇది కవిసమయం. చకోరాలు వెన్నెల తాగుతాయన్నట్టే మే నెలలో కర్నూలువాసి పుష్కలంగా నీళ్లు తాగుతాడని అట్ట రాసిన కవి వర్ణించాడు. వస్తుస్థితితో పని లేదు. 'ట్యాంకరు వచ్చినచో' అన్నది అధ్యాహారం.

విశేషము: నీళ్ల మాట ఎత్తినాక ఊరికే దాటిపోవడం కుదరదు. కర్నూలు నుంచి కడప దాకా కాలువ తవ్వుతామని 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ దిగింది. నీళ్లు పారాయిగానీ లాభాలు పారలేదు. 1882లో సర్కారు ఆ కాలువను కొనేసింది. అదే మన కేసీ కెనాల్. తుంగభద్ర, కృష్ణ నీళ్లలో రాయలసీమకు ముందు ప్రాధాన్యం ఇవ్వాలని 1937లో శ్రీబాగ్‌లో పెద్దలు రాసుకున్నారు. ఆ కాగితానికి నాయకులు ఇప్పటికీ టీకలు రాస్తూనే ఉన్నారు, తాత్పర్యం దగ్గరికి ఎవరూ రాలేదు. స్పాలో మాత్రం గాజు కూజాలో దోసకాయ చెక్కలు తేలే నీళ్లు పెట్టారు. కూజా పక్కన చిన్న చీటీ: ఒక్కరికి ఒక్క గ్లాసు. పుష్కలానికి అర్థం గ్రంథకర్తే అక్కడ చెప్పేశాడు.

మూలము: అగ్నిపర్వత గర్భసంజాతములైన పవిత్ర శిలలు మీ దేహమందలి శక్తికేంద్రములను మేల్కొల్పును.

టీక: శక్తికేంద్రములు = స్పష్టము. (ఎక్కడ అర్థం కాదో అక్కడ స్పష్టమనడం వ్యాఖ్యాతల కులధర్మం.) పవిత్ర = ధర పెరిగినదని భావం.

విశేషము: అగ్నిపర్వత శిల అంటే బసాల్టు. లావా చల్లారి గట్టిపడిన నల్లరాయి. బిగువైన రాయి గనుక పట్టిన వేడిని మెల్లగా వదులుతుంది, ఏటిలో పొర్లి నునుపెక్కి ఉంటుంది గనుక ఒంటికి గీసుకోదు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం టూసాన్ నగరంలో మేరీ నెల్సన్ అనే ఆవిడ 1993లో 'లాస్టోన్' పేరిట ఈ మర్దనానికి ఒక పద్ధతి కట్టింది. టూసాన్ కూడా ఎండలు మండే ఊరే. అక్కడివాళ్లకు వేడిరాయి మీద మనసు పోవడం ఎందుకో మాకు తెలియదు గానీ, పోయిందన్నది నిజం. అంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు.

అభ్యంతరమల్లా కర్నూలు కడపలకు వచ్చి రాయి మహిమ చెప్పడం దగ్గరే. 1872లో విలియం కింగ్ అనే భూశాస్త్రవేత్త ఇక్కడి రాతిపొరల మీద ఒక పెద్ద గ్రంథం రాశాడు. అందులో ఆ పొరలకు ఆయన పెట్టుకున్న పేర్లు కడప, కర్నూలు. ఈ రెండు ఊళ్ల పేర్లూ ఈనాటికీ భూశాస్త్రంలో రాతి పేర్లే. కిందివి కడప పొరలు, వంద కోట్ల ఏళ్లు దాటినవి. పైవి కర్నూలు పొరలు. వాటిలో నార్జి సున్నపురాయి అని ఒకటుంది, అది కూడా ఒక పల్లె పేరే. బేతంచెర్లలో, కొలిమిగుండ్లలో, ఎర్రగుంట్ల చుట్టుపట్ల పలుగు పెట్టి ఎత్తితే పలకలు పలకలుగా లేచే రాయి. కడప బండ అనేది దీన్నే. దాన్నే ఇంట్లో పరిచాం, వంటింటి గట్టు చేశాం, అలమర అరలు చేశాం, కొన్ని పల్లెల్లో గోడలూ పైకప్పులూ కూడా దానితోనే. చేని గట్టున నిలువుగా పాతి కంచె చేశాం. పశువులకు తొట్టి చేశాం. కడప బండ లేని మద్రాసు ఇల్లు చూపించమంటే వెతకాల్సి వస్తుంది.

అగ్నిపర్వతమే కావాలంటే అదీ ఉంది. వేంపల్లె, తాడిపత్రి పేరు పెట్టిన పొరల్లో పాత లావా పరుచుకుని ఉంది. పొరల్లోకి చొచ్చుకొచ్చిన కరుగురాతి కాక తగిలిన చోటే పులివెందుల పక్కన రాతినార పుట్టింది. బరువే గొప్ప అంటే మంగంపేట ముగ్గురాయి ఉండనే ఉంది. అంతే పరిమాణం నీళ్లతో తూస్తే నాలుగు రెట్లకు పైగా తూగుతుంది. దాన్ని పొడి కొట్టి చమురు బావులు తవ్వేవాళ్లకు పంపుతున్నారు. ఒక చెక్క తెచ్చి స్పా బల్ల మీద పడుకున్నవాడి నడుం మీద పెడితే శక్తికేంద్రాలన్నీ ఒకేసారి మేలుకుంటాయి.

ఈ వేడిరాతి మర్దనం సంగతి బేతంచెర్ల గనుల్లో జీవితం గడిపిన ఒక పెద్దాయనతో అన్నాను. ఆయన చాలాసేపు నా మొహంలోకి చూసి, "రాయి వీపు మీద పెట్టుకునేదానికి మాకు కూలిస్తారు గదా సామీ, నువ్వేంది ఎదురు కట్టేది?" అన్నాడు. ఈ వాక్యానికి టీక అవసరం లేదు. మే నెల మిట్టమధ్యాహ్నం బండ ఎత్తేవాళ్లను పావుగంట ముందు వచ్చి మనసు తేలిక చేసుకోమన్నవాడు ఇంతవరకు పుట్టలేదు. పాలిష్ ఫ్యాక్టరీల చుట్టూ తెల్లగా పేరుకున్న రాతిబురద గుట్టల మీద తామరపువ్వు బొమ్మ కూడా ఎవరూ గీయలేదు.

ఏ సూత్రం దగ్గర ఉన్నామో మరిచాను. శిలలు. సరే, శాస్త్రప్రమాణం చూద్దాం. ఈ చికిత్స కొత్తదని అట్టవారి గర్వం. చరకసంహిత సూత్రస్థానం 14వ అధ్యాయంలో చెమట పట్టించే పద్ధతులు పదమూడు చెప్పారు. అందులో ఒకటి అశ్మఘన స్వేదం. మనిషి నిడివి రాతిబండ ఒకటి తీసుకుని, దాని మీద వాతాన్ని హరించే కట్టెలతో మంట వేసి, బండ కాగాక నిప్పులు ఊడ్చేసి, వేడినీళ్లు చిలకరించి, పైన ఉన్ని దుప్పటో పట్టుబట్టో పరిచి, ఒళ్లంతా నూనె పట్టించిన మనిషిని పడుకోబెట్టి కప్పాలి. మనిషి నిడివి బండ! చరకుడు ఎన్నడైనా ఎర్రగుంట్ల వైపు వచ్చాడేమోనని నాకొక ప్రాంతీయ అనుమానం. గమనించండి, ఆ మహానుభావుడు బండకు పవిత్రం అన్న విశేషణం తగిలించలేదు. బండ అన్నాడు, నిప్పు అన్నాడు, దుప్పటి అన్నాడు.

ఆ అధ్యాయం చివర నిప్పుతో పని లేకుండా చెమట పట్టించేవి మరో పది ఉన్నాయి: వ్యాయామం, వెచ్చటి ఇల్లు, బరువైన దుప్పటి, ఆకలి, అతిగా తాగడం, భయం, కోపం, కట్టు, కొట్లాట, ఎండ. చదివి లెక్కపెట్టుకుంటే సీమవాళ్లకు వీటిలో చాలావరకు ఇంటి దగ్గరే, పైసా ఖర్చు లేకుండా అందాయి. ఎండ సరే. తక్కినవాటి వివరాలు ముప్పై ఏళ్ల నాటి మా వార్తాపత్రికల్లో దొరుకుతాయి.

మూలము: ఆభరణములు, చరవాణి విసర్జించి మౌనమును పాటించుడు. తైలలేపనానంతరము నేలపై పాదము మోపరాదు.

టీక: అంతా సుగమము. నేల విషయంలో మాత్రం గ్రంథకర్త దూరదృష్టి కొనియాడదగినది. నునుపు పట్టిన కడప బండ మీద నూనెకాలు ఏమవుతుందో అందరికీ తెలుసు. పాదాలకు లేపనం పూసుకుని మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయానికి ఎగిరిపోయాడు. అది మంచుకు కరిగిపోయి అక్కడే చిక్కుపడ్డాడు. ఇక్కడ చిక్కుపడితే ఎముకల డాక్టరు దగ్గర.

ఆరో సూత్రం అట్ట ముందువైపు లేదు. వెనక్కి తిప్పి, చిరునామా కింద, ధరల పట్టీ కింద, చీమ తలకాయంత అక్షరాల్లో వెతకాలి.

మూలము: మధుమేహము, రక్తపోటు, గర్భము, ఇటీవలి శస్త్రచికిత్స మున్నగునవి ఉన్నవారు ముందుగా తెలుపగలరు.

టీక: తెలుపగలరు = ఎవరూ అడగరు. నన్ను అడిగింది లావెండర్ నూనెనా, నిమ్మగడ్డి నూనెనా అని మాత్రమే.

విశేషము: చరకుడు ఈ సంగతి వెనకపుటలో దాచలేదు. అదే అధ్యాయంలో, పదమూడు పద్ధతులు చెప్పకముందే, చెమట పట్టించకూడనివాళ్లెవరో చెప్పేశాడు. గర్భిణి, రక్తపిత్తం ఉన్నవాళ్లు, విరేచనాలవుతున్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు, మధుమేహం ఉన్నవాళ్లు. దప్పిగొన్నవాళ్లు, ఆకలిగొన్నవాళ్లు, కోపంలో ఉన్నవాళ్లు, దుఃఖంలో ఉన్నవాళ్లు కూడా. ఆకలి, కోపం రెండు పట్టీల్లోనూ ఉన్నాయేమని ఆక్షేపిస్తే, అవి ఉన్నవాడికి చెమట అదివరకే పట్టింది గనుక మళ్లీ పట్టించనక్కరలేదని సమాధానం. ఈ లెక్కన ఎండాకాలంలో మా జిల్లాల్లో ఈ చికిత్సకు అర్హులు దొరకడం కష్టం. దప్పి లేనివాడు దొరికినా కోపం లేనివాడు దొరకడు.

హాస్యం పక్కన పెడతాను. స్పా రాళ్లను సుమారు 50 డిగ్రీల వేడినీళ్లలో ఉంచి తీస్తారు. షుగరు ముదిరి అరికాళ్లకు స్పర్శ పోయినవాడికి ఆ రాయి కాలుతున్నట్టు తెలియదు. హాయిగా ఉందనుకుని నిద్రపోతాడు. సాయంత్రానికి బొబ్బ కనబడుతుంది. షుగరు కాలి పుండు ఎంతకు మానుతుందో, మానకపోతే వేలు దగ్గర మొదలుపెట్టి ఎక్కడిదాకా తీస్తారో ప్రతి పెద్దాసుపత్రి వార్డులోనూ చూడొచ్చు. షుగరు లేని ఇల్లు అరుదైన ఈ రోజుల్లో శక్తికేంద్రాలకు బంగారు అక్షరాలు, ఈ ఒక్క ముక్కకు చీమ తలకాయ అక్షరాలు. నా కోపమంతా ఇక్కడే.

స్పా వారికి విన్నపం: ఆరో సూత్రాన్ని మొదటికి తెండి, పెద్దక్షరాల్లో అచ్చు వేయండి, నూనె పేరు అడిగేముందు షుగరుందా అని నోరు తెరిచి అడగండి. స్పాకు వెళ్లబోయే పాఠకులకు: షుగరు ఉంటే కాళ్ల మీద రాయి వద్దనండి, రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే డాక్టరును అడిగాకే వెళ్లండి. రాయిని ముందు మర్దన చేసేవాళ్లనే తమ అరచేతిలో కాసేపు పట్టుకోమనండి, ఒకచోట ఊరికే పెట్టి వదిలేస్తుంటే కింద తువ్వాలు వేయమనండి. కాలితే వెంటనే గట్టిగా చెప్పండి. ఐదో సూత్రంలోని మౌనం అప్పుడు వర్తించదు.